దోస్త్‌లో డిగ్రీ సీటు: పిన్ మీ దగ్గర, ఆప్షన్ల వరుస మీ చేత

ఇంటర్ పాసయ్యారు. ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లు ఎవరూ లేరు. ఎవరిని అడగాలో తెలియదు. అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. ఈ నాలుగు పేజీలు మీకోసమే. ఇంటికి తీసుకెళ్లి అమ్మానాన్నలకు కూడా చదివి వినిపించండి, ఎందుకంటే ఫోన్ చాలాసార్లు వాళ్ల దగ్గరే ఉంటుంది.

నేను డిగ్రీలో చేరిన రోజుల్లో ఒక్కో కాలేజీకి ఒక్కో ఫారం కొనాలి. బస్సెక్కి పోయి, లైన్లో నిలబడి, ఫారం నింపి, డీడీ తీసి, మళ్లీ లిస్టు అంటించిన రోజు ఇంకోసారి పోవాలి. మూడు కాలేజీలు తిరిగేసరికి మా నాన్న జేబు ఖాళీ. 2016 నుంచి తెలంగాణలో ఆ తిప్పలు తప్పాయి. ఉన్నత విద్యామండలి నడిపే 'దోస్త్' అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఒక్క దరఖాస్తుతోనే ఉస్మానియా, కాకతీయ, పాలమూరు, మహాత్మాగాంధీ, శాతవాహన, తెలంగాణ విశ్వవిద్యాలయాల కింద ఉన్న డిగ్రీ కాలేజీలకు పోటీపడొచ్చు. బీఏ, బీకాం, బీఎస్సీ, బీబీఏ వంటి కోర్సులన్నీ ఇందులోనే ఉంటాయి. మొదటి విడతలో రిజిస్ట్రేషన్ ఫీజు 200 రూపాయలు. ఆలస్యం చేసి తర్వాతి విడతల్లో నమోదు చేసుకుంటే 400.

తిప్పలు తగ్గాయి గానీ కొత్త ప్రమాదం ఒకటి వచ్చింది. అప్పుడు సీటు మన కాళ్ల మీద ఆధారపడేది. ఇప్పుడు ఫోన్ మీద ఆధారపడుతోంది.

ఎవరి ఫోన్‌తో నమోదు చేస్తున్నారు?

ఆ మధ్య ఒక హెల్ప్‌లైన్ సెంటర్‌కు పని మీద పోయాను. ఒక అమ్మాయి తండ్రితో వచ్చి కూర్చుంది. ఇంటర్ హెచ్ఈసీలో 1000కి 900 దాటాయి. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ మహిళా కాలేజీలో బీఏ చదవాలని కోరిక. అలాట్‌మెంట్ చూస్తే ఆమె ఎన్నడూ వినని ఒక ప్రైవేటు కాలేజీలో, ఆమె అడగని కోర్సులో సీటు వచ్చింది. ఆరా తీస్తే తేలిన విషయం ఇది: ఫలితాలు వచ్చిన వారానికే ఆ కాలేజీ మనిషి బండి మీద ఇంటికొచ్చాడు. "ఫీజంతా గవర్నమెంటే కడుతది, మీకు రూపాయి ఖర్చుండదు, ఫారం మేమే నింపుతం" అన్నాడు. ఆధార్, మెమో, ఒక ఫొటో తీసుకున్నాడు. నాన్న ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కూడా అడిగి తీసుకున్నాడు. దరఖాస్తులో మాత్రం సొంత నంబరు వేసుకున్నాడు. ఆ తర్వాత దోస్త్ నుంచి వచ్చిన ప్రతి మెసేజూ అతనికే పోయింది. వెబ్ ఆప్షన్లలో ఉన్నది ఆ ఒక్క కాలేజీయే.

ఆ తండ్రి కోపంగా లేడు, సిగ్గుపడుతున్నాడు. "సదువుకున్నోడు సారూ, మంచిగ మాట్లాడిండు" అన్నాడు. తప్పు ఆయనది కాదు. చదువు గురించి చెప్పేవాళ్లు ఇంటికొచ్చింది ఆ ఒక్కసారే మరి.

సెంటర్‌లో ఆధార్, హాల్‌టికెట్ చూసి అమ్మాయి మొబైల్ నంబరు మార్చారు, కొత్త పిన్ ఇప్పించారు. తర్వాతి విడతలో తన చేత్తో ఆప్షన్లు పెట్టుకుంది. కోరుకున్న కాలేజీలోనే సీటొచ్చింది. ఇంకో పది రోజులు ఆలస్యమై ఉంటే కథ వేరేగా ఉండేది.

కాబట్టి మొదటి పని: మీ ఆధార్‌కు ఏ మొబైల్ నంబరు లింకై ఉందో చూసుకోండి. ఆ సిమ్ పనిచేస్తోందా? చాలా ఇళ్లల్లో ఎప్పుడో మూలపడ్డ సిమ్మో, గల్ఫ్‌కు పోయిన అన్న నంబరో ఉంటుంది. ఆధార్ సెంటర్‌కు పోయి ఇప్పుడే మార్పించుకోండి. లింకైన నంబరు ఉంటే ఇంట్లో కూర్చుని ఓటీపీతో నమోదు చేసుకోవచ్చు. లేకపోతే టీ యాప్ ఫోలియోలో ముఖ గుర్తింపు ద్వారా చేసుకోవచ్చు. అదీ కుదరకపోతే మీసేవలో వేలిముద్ర వేయొచ్చు, లేదా దోస్త్ హెల్ప్‌లైన్ సెంటర్‌కు పోవచ్చు. ఏ దారిలో పోయినా మీకు ఒక దోస్త్ ఐడీ, ఆరు అంకెల పిన్ వస్తాయి. వాటిని నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోండి. ఏటీఎం పిన్ ఎవరికైనా చెబుతామా? ఇదీ అంతే. మీసేవలోనో నెట్ సెంటర్‌లోనో చేయించుకున్నా సరే, దరఖాస్తులో మీ నంబరే ఉందో లేదో కళ్లతో చూసి, ప్రింట్ తీసుకుని రండి.

ఎప్‌సెట్ రాసి ఇంజనీరింగ్ కోసం చూస్తున్నవాళ్లూ, అక్కడ మంచి ర్యాంకు వస్తుందన్న నమ్మకం లేకపోతే దోస్త్‌లోనూ పేరు వేసి ఉంచండి. 200 రూపాయలతో ఒక సంవత్సరం పోకుండా ఉంటుంది.

కాగితాలు

కులం సర్టిఫికెట్ ఒకసారి తీసుకున్నది చాలు. ఆదాయం సర్టిఫికెట్ అలా కాదు. ఈ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదే ఉండాలి. నోటిఫికేషన్ సాధారణంగా మే నెలలో వస్తుంది. అప్పుడు అందరూ ఒకేసారి మీసేవకు పోతారు, తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తులు కుప్పపడతాయి. పరీక్షలైన వెంటనే పెట్టుకోండి. ఎన్‌సీసీ, క్రీడలు, దివ్యాంగుల సర్టిఫికెట్లు ఉంటే స్కాన్ చేసి ఉంచండి. పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయా అన్నది ఇప్పుడే సరిచూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉండడం మామూలే. ఆ తేడా సీటుకు అడ్డం రాకపోయినా స్కాలర్‌షిప్ దగ్గర అడ్డం పడుతుంది.

వెబ్ ఆప్షన్లు: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే

"మంచి కాలేజీ మొదట పెడితే అది రాక, రెండోదీ పోతుందేమో సార్?" ప్రతి ఏడాదీ అడిగే ప్రశ్న ఇది. ఈ భయంతోనే పిల్లలు 'వచ్చే' కాలేజీని మొదట పెడతారు, 'కావాల్సిన' కాలేజీని కింద పెడతారు. ఇది పూర్తిగా తలకిందుల లెక్క.

సీటు ఇచ్చేది ఇలా. ముందు ఇంటర్ మార్కుల ప్రకారం అందరినీ వరుసలో నిలబెడతారు. మీ వంతు రాగానే కంప్యూటర్ మీ జాబితా తెరుస్తుంది. మొదటి ఆప్షన్‌లో మీ కోటాలో సీటు మిగిలి ఉంటే ఇచ్చేస్తుంది. లేకపోతే రెండోది చూస్తుంది, తర్వాత మూడోది. సీటు దొరికిన చోట ఆగిపోతుంది, ఆ కింద ఉన్నవాటి వైపు చూడనే చూడదు.

ఒక లెక్క వేసుకుందాం. సుజాతకు 820, రమేశ్‌కు 760 మార్కులు. ఇద్దరిదీ ఒకే రిజర్వేషన్ వర్గం. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ కాలేజీలో బీకాం కంప్యూటర్స్‌కు ఇంక ఒకే సీటు ఉంది. రమేశ్ దాన్ని మొదటి ఆప్షన్‌గా పెట్టాడు, సుజాత అయిదోదిగా పెట్టింది. పైన ఉన్న నాలుగూ ఆమెకు దొరకలేదు. ఆ ఒక్క సీటు ఎవరికి? సుజాతకే. ఆమె మార్కులు ఎక్కువ కాబట్టి ఆమె వంతే ముందు వస్తుంది. మొదట పెట్టినంత మాత్రాన రమేశ్‌కు అదనపు బలం రాలేదు. అలాగే పెద్ద కాలేజీలను పైన పెట్టినందుకు సుజాత నష్టపోనూ లేదు.

అదే సుజాత భయపడి ఇంటి పక్క కాలేజీని మొదట పెట్టి ఉంటే? అదే వచ్చేది. పైన పెట్టాల్సిన నాలుగింటిలో ఒకటి ఆమెకు వచ్చేదేమో, ఎప్పటికీ తెలిసేది కాదు.

అందుకని నిజంగా ఏది కావాలో దాన్నే మొదట పెట్టండి. వీలైనన్ని ఎక్కువ పెట్టండి. ఒకే ఒక్క ఆప్షన్ పెట్టి, అది రాక, ఏ సీటూ లేకుండా మిగిలినవాళ్లు ఏటా కనిపిస్తారు. చివరి రెండు మూడు ఆప్షన్లుగా తప్పకుండా వస్తాయనుకున్నవి ఉంచండి. అయితే వస్తే చేరలేని కాలేజీని మాత్రం జాబితాలో పెట్టకండి.

కోర్సు ఎంచుకునేటప్పుడు మీడియం కూడా చూడండి, తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ మీడియం సీట్లు వేర్వేరుగా ఉంటాయి. కాలేజీ ఎంత దూరం, అక్కడికి బస్సు ఉందా అన్నది చిన్న విషయం కాదు. ఆడపిల్లలకు 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహాలక్ష్మి కింద ప్రయాణం ఉచితం. మునుపు ఛార్జీలకు భయపడి ఊరి దగ్గరి కాలేజీతో సరిపెట్టుకున్న ఇళ్లు ఇప్పుడు జిల్లా కేంద్రాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. మగపిల్లలకు విద్యార్థి పాస్ ఉంది. రోజూ తిరగలేనంత దూరమైతే ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమ శాఖల పోస్ట్ మెట్రిక్ హాస్టళ్ల గురించి ముందే అడిగి పెట్టుకోండి.

నా మాటగా ఒకటి. ప్రభుత్వ కాలేజీ అనగానే ముఖం చిట్లించకండి. సిటీ కాలేజీ, హనుమకొండ కాకతీయ, కరీంనగర్ ఎస్ఆర్ఆర్, నిజామాబాద్ గిరిరాజ్, నల్గొండ నాగార్జున వంటివి ప్రభుత్వ కాలేజీలే. ఫీజు తక్కువ, కాబట్టి రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైనా గొంతు మీదికి రాదు.

సీటొచ్చాక రెండు రిపోర్టింగులు

ఒకటి కాదు, రెండు. మొదటిది ఆన్‌లైన్ సెల్ఫ్ రిపోర్టింగ్. సీటు వచ్చిందని మెసేజ్ రాగానే లాగిన్ అయి, గడువులోగా 'ఈ సీటు నాకు కావాలి' అని ధ్రువీకరించాలి. తెర మీద రుసుము చూపిస్తే కట్టాలి. చేయకపోతే సీటు పోతుంది. ఇంకా మంచి సీటు కావాలన్నా సరే ముందు దీన్ని పూర్తి చేయండి, ఆ తర్వాతి విడతలో మళ్లీ కొత్తగా ఆప్షన్లు పెట్టుకోండి. మెరుగైనది వస్తే పాతది దానంతటదే రద్దవుతుంది. రాకపోతే పాతది మీదే.

రెండోది స్వయంగా కాలేజీకి పోవడం. ఆన్‌లైన్‌లో చేసేశాం కదా అని ఇంట్లో కూర్చుంటే ఆ సీటూ రద్దవుతుంది. సెల్ఫ్ రిపోర్టింగ్ అయ్యాక మీ ఫోన్‌కు 'కాలేజీ కన్ఫర్మేషన్ ఓటీపీ' వస్తుంది. కాలేజీలో మీ ఎదుటే దాన్ని నమోదు చేస్తేనే చేరిక ఖాయం. మీరు లేకుండా మిమ్మల్ని ఎవరూ చేర్చుకోకూడదనే ఈ ఏర్పాటు. "ఫోన్‌లో చెప్పమ్మా, మేం ఎక్కిస్తాం" అంటే చెప్పకండి. మీరు కాలేజీ గేటు దాటి, గదులు చూసి, ఫీజు కాగితం చదివిన తర్వాతే ఆ అంకెలు ఇవ్వండి.

ఒరిజినల్ సర్టిఫికెట్ల గురించి ఒక మాట. మార్కుల మెమోల వంటి ఒరిజినల్స్‌ను సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లోనే కాలేజీలకు చెప్పింది. ఏ కాగితం ఇచ్చినా రసీదు అడగండి. అడగడం మొండితనం కాదు.

'ఫీజంతా గవర్నమెంటే' అనే మాటలో ఎంత నిజం

కొంత నిజమే. దోస్త్‌లో సీటు రావడం ఒకటి, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంకొకటి. సీటు వచ్చాక తెలంగాణ ఈపాస్‌లో వేరేగా దరఖాస్తు చేయాలి. బీసీ, ఈబీసీ, మైనారిటీ విద్యార్థులకు కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో లక్షా 50 వేలు, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. ఎస్సీ, ఎస్టీల పరిమితి వేరుగా ఉంటుంది, మీ సంక్షేమ శాఖ ఆఫీసులో అడగండి. మీ పేరు మీద ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతా ఉండాలి. దరఖాస్తు ప్రింటు, కాగితాలు కాలేజీలో ఇవ్వాలి. వాళ్లు పరిశీలించి పైకి పంపితేనే కదులుతుంది. హాజరు 75 శాతం ఉండాలి. పొలం పనుల రోజుల్లో వరసగా మానేసి, చివర్లో స్కాలర్‌షిప్ రాలేదని వచ్చేవాళ్లున్నారు.

ప్రభుత్వం కట్టేది తాను ఖరారు చేసిన ఫీజు వరకే. ప్రైవేటు కాలేజీ అంతకంటే ఎక్కువ అడిగితే ఆ తేడా మీదే. ఆప్షన్లు పెట్టేటప్పుడే కోర్సు ఫీజు తెర మీద కనిపిస్తుంది, రాసుకోండి. యూనిఫాం, ల్యాబ్, ప్రత్యేక ఫీజుల పేరుతో ఏమేం తీసుకుంటారో కాగితం మీద రాసిమ్మనండి. డబ్బు విడుదల ఆలస్యమవుతున్న సంగతి మీ ఊళ్లో అందరికీ తెలిసిందే, నేను దాచి లాభం లేదు. "రీయింబర్స్‌మెంట్ వచ్చేదాకా మీరు కట్టండి" అని అంటారా, అనరా అన్నది చేరకముందే అడగండి. అంటే ఎంత, ఎప్పుడు అన్నది కూడా.

హెల్ప్‌లైన్ సెంటర్‌కు పోయేటప్పుడు ఆధార్, ఇంటర్ హాల్‌టికెట్, మెమో, దోస్త్ ఐడీ రాసుకున్న కాగితం, ఛార్జింగ్ ఉన్న ఫోన్ తీసుకుపోండి. ఫోన్ నాన్నదైతే ఆ రోజుకు నాన్ననూ వెంట తీసుకుపోండి. ఓటీపీ వచ్చేది ఆయన ఫోన్‌కే కదా.