పెట్టుబడి లేని వ్యాపారమను భ్రమ

ఇంజనీరింగు ముగించి ఉద్యోగ ప్రతీక్షలో ఇంటిపట్టుననున్న కుమారుని వెంటబెట్టుకొని సలహాకై వచ్చు తల్లిదండ్రులు కొంతకాలము క్రిందటి వరకు ఏదో యొక సాఫ్ట్‌వేరు కోర్సు పేరు చెప్పుచుండిరి. ఇప్పుడు వారిలో పలువురు, "ఆన్‌లైన్లో టీషర్టుల వ్యాపారమటండీ, పెట్టుబడే అక్కర్లేదట, మావాడు ఎలాగూ రోజంతా ఫోనులోనే ఉంటాడు" అని ఆరంభించుచున్నారు. ఈ మాటలలో చివరిది మాత్రము నిస్సంశయముగా సత్యము.

పెట్టుబడి లేదను ప్రచారమునకు మూలము ప్రింట్ ఆన్ డిమాండ్ అను పద్ధతి. కుర్రవాడు బొమ్మను కంప్యూటరులో దిద్ది తన వెబ్‌సైటులో నుంచును. ఎవరైన కొన్న పిమ్మట, తిరుప్పూరులోనో చెన్నైలోనో ఉన్న ముద్రణసంస్థ ఆ ఒక్క చొక్కాపైననే బొమ్మను అచ్చొత్తి, కుర్రవాని బ్రాండు పేరుతోనే కొన్నవాని ఇంటికి పంపును. సరకు నిలువచేయు పనిలేదు, యంత్రము కొను పనిలేదు. అంతవరకు వాస్తవమే. అయితే ఎవరికిని తెలియని ఆ వెబ్‌సైటునకు మనుష్యులను రప్పించుటకై ప్రతిదినము ఇన్‌స్టాగ్రామునకు చెల్లించు ప్రకటనల సొమ్మును, గుమ్మము వరకు పోయి తిరిగివచ్చిన పార్సిళ్ల రవాణాఖర్చును పెట్టుబడి యని పిలువకపోవుటవలన మాత్రమే ఇది పెట్టుబడి లేని వ్యాపారముగా కనబడుచున్నది.

కాగితముమీద లెక్క వేసి చూతము. 499 రూపాయలకు అమ్మిన చొక్కాలో 5 శాతము జీఎస్టీ పోగా చేతికి వచ్చునది సుమారు 475. చొక్కాకు, ముద్రణకు కలిపి 230, కొరియరుకు 70, ఆ ఒక్క ఆర్డరును సంపాదించుటకైన ప్రకటనకు 120, సొమ్ము వసూలుకు 10 అనుకొందము. మిగులు 45 రూపాయలు. పది పంపగా ఎనిమిదింటిని తీసికొని రెంటిని త్రిప్పిపంపిరనుకొందము. క్యాష్ ఆన్ డెలివరీలో ఇది యేమంత చెడ్డ ఫలితము కాదు. ఎనిమిదింటిపై వచ్చిన లాభము 360. తిరిగివచ్చిన ఒక్కొక్కదానిపై పోవునప్పటి కొరియరు 70, వచ్చునప్పటి కొరియరు 70, వృథాయైన ప్రకటన 120, వెరసి 260 చొప్పున రెంటికి నష్టము 520. పది చొక్కాలు పంపిన శ్రమకు ఫలము 160 రూపాయల నష్టము. తిరిగివచ్చిన ఆ రెండు చొక్కాలును మరల అమ్ముడుపోవునను ఉదారభావముతో వేసిన లెక్క యిది.

"మరి బేవకూఫ్ పెట్టింది ఐఐటీ కుర్రాళ్లే కదండీ?" అని ఒక తండ్రి అడుగును. నిజమే, బొంబాయి ఐఐటీలో చదివిన యువకులే 2012లో ఆ ఆన్‌లైన్ టీషర్టుల బ్రాండును స్థాపించిరి. కాని ఆ సంస్థ ఎదుగుదలకు వెలుపలి మదుపరుల ధనము తోడైనదనియు, 2022లో దానిలోని అధికభాగపు వాటా ఆదిత్య బిర్లా వర్గపు సంస్థ చేతికి పోయినదనియు ఆయన వినియుండడు. అట్టివారు పెద్దయెత్తున కుట్టించి, మన కుర్రవాడు అడుగు ధరకే, అంతకన్న మంచి బట్టతో అమ్ముచుండగా, వీడు పోటీపడవలసినది వారితోనే.

పెట్టుబడి లేకుండ లాభమను ఈ యత్యాశపై బ్రతుకుచున్న బోధకవర్గమొకటి కలదు. నామమాత్రపు రుసుముతో ఒక సాయంకాలపు వెబినారు. దాని చివర, ఆ రాత్రి పన్నెండు గంటలలోపు చేరినవారికే తగ్గింపుధర యని వేలరూపాయల మాస్టర్‌క్లాసు. అది ముగిసిన పిదప అంతకు మించిన రుసుముతో వ్యక్తిగత మార్గదర్శనము. బోధకుడు తెరపై చూపు అంకెలు అమ్మకముల మొత్తమే గాని లాభము కాదు. ప్రకటనల ఖాతాను, తిరిగివచ్చిన సరకు పట్టికను ఆయన తెరవడు. తెరవుమని అడుగవలెను. చొక్కాలపై అంత ఆదాయమున్నవాడు ప్రతి ఆదివారము అపరిచితులకు పాఠము చెప్పుటకేల కూర్చుండవలెనో నాకు నేటివరకు బోధపడలేదు. వెబ్‌సైటు కట్టుట, ప్రకటన పెట్టుట నేర్పు తెలుగు వీడియోలు ఉచితముగా లభించుచుండగా, దీనికొరకు తల్లి మెడలోని గొలుసు తాకట్టు పెట్టించిన వారిని జూచినప్పుడు నాకు కలుగు కోపము ఆ పిల్లలమీద కాదు.

మనవారికి సహజముగా తోచు మొదటి యూహ అభిమాన కథానాయకుని ముఖమో, కొత్త చిత్రములోని సంభాషణయో అచ్చొత్తించుట. ఇది దుకాణము తెరవకముందే కోర్టు గుమ్మము తొక్కు మార్గము. అమితాబ్ బచ్చన్ 2022లోను, అనిల్ కపూర్ 2023లోను తమ పేరును, రూపమును అనుమతి లేకుండ వాడుకొనరాదని ఢిల్లీ హైకోర్టునుండి ఉత్తర్వులు పొందిరి. పరుల బొమ్మను, పోస్టరును తెలిసి అపహరించుట కాపీరైటు చట్టము 63వ సెక్షను క్రింద ఆరునెలలనుండి మూడేండ్లవరకు కారాగారశిక్షకు అర్హమైన నేరము. మన గోదావరి వెటకారము, తెలంగాణ నుడికారము, హాస్టలు మెస్సు, బస్సు ఫుట్‌బోర్డు ఉండగా ఎరువు ముఖములేల?

ఇక నాకిష్టమైన త్రోవ చెప్పెదను. అది నిదానమైనది గనుక తల్లిదండ్రులకు నచ్చదు. ఈ వృత్తి ఫోనుది కాదు, గుడ్డది. మొదట తన ఊరిలోని స్క్రీన్ ప్రింటింగు దుకాణములో కొన్నాళ్లు జీతము చూచుకొనక పనిచేయవలెను. రంగు కొకటి చొప్పున స్క్రీను సిద్ధపరచవలసి యుండుటచేత, నాలుగురంగుల బొమ్మను ఐదు చొక్కాలకు వేయుట దండుగ యనియు, ఒకేరంగు బొమ్మను నూరింటికి వేయుట లాభమనియు అక్కడ చేతులకే తెలియును. బొమ్మను ఫిల్ముపై ముద్రించి, జిగురుపొడి చల్లి, వేడిప్రెస్సుతో గుడ్డకు అంటించు డీటీఎఫ్ పద్ధతి కొద్ది సంఖ్యకు అనుకూలమే. కాని నాసిరకపు పని పదిసార్లు ఉతుకగానే లాగినచోట పగుళ్లువారును. సబ్లిమేషను అను ముద్రణపద్ధతి నూలుబట్టపై నిలువదు. ఇవి తెలియనివాడు ముద్రాపకుడు చెప్పినదెల్ల నమ్మును.

చొక్కా నమూనాను తెచ్చిన దినముననే అమ్మకమునకు పెట్టరాదు. పొడవును టేపుతో కొలిచి వ్రాసికొని, మూడుసార్లు ఉతికి, ఎండలో నారవేసి మరల కొలువవలెను. పొడవు ఎంత కుంగినది, ప్రక్కకుట్టు మెలితిరిగి బొడ్డువైపునకు వచ్చినదా, మెడపట్టీ సాగినదా యని చూడవలెను. చదరపు మీటరుకు 180 గ్రాముల బట్ట, అనగా 180 జీఎస్ఎం, సామాన్యముగా చాలును. ఇప్పటి వదులుచొక్కాలకు 220, 240 వాడుచున్నారు. అమ్మువాడు 180 అని చెప్పి 160 అంటగట్టుటయు కద్దు, కావున చిన్న త్రాసు దగ్గరనుంచుకొనుట మంచిది. సికింద్రాబాదునుండి కేరళకు పోవు శబరి ఎక్స్‌ప్రెస్ తిరుప్పూరులో నాగును. ఒకసారి పోయి కాదర్‌పేట బనియను బజారులో రెండుదినములు తిరిగినవానికి మాస్టర్‌క్లాసుతో పనియుండదు.

ఆర్డర్లు కూడ మొదట దగ్గరివే వెదకవలెను. కళాశాల ఫేర్‌వెల్, వినాయకచవితి యువజన సంఘము, ఊరి క్రికెట్టు పోటీ. వీరు ముప్పదియో నలువదియో కలిపి కొందురు, సగము సొమ్ము ముందే యిత్తురు, త్రిప్పిపంపరు, ప్రకటన ఖర్చు లేదు. వాట్సాపులో బొమ్మ చూపి ఒప్పించుటయు ఆన్‌లైన్ వ్యాపారమే. ఈ పనిలో చేయితిరిగిన తరువాత వెబ్‌సైటు.

నియమములు స్వల్పము: పదునెనిమిదేండ్లు నిండుట, పాన్, బ్యాంకు ఖాతా, చిన్న సంస్థలకు ఉచితముగా లభించు ఉద్యమ్ నమోదు, రాష్ట్రము దాటి సరకు పంపినచో టర్నోవరుతో నిమిత్తము లేకుండ జీఎస్టీ, బ్రాండు పేరు నిలిచిన పిదప దుస్తులకు చెందిన 25వ తరగతిలో 4,500 రూపాయల ట్రేడ్‌మార్కు దరఖాస్తు. బొమ్మలకన్న బట్టమీదనే మనసు పోయినవాడు హైదరాబాదు నిఫ్ట్‌నో, ఉస్మానియాలోని టెక్స్‌టైల్ టెక్నాలజీనో ఆలోచించుట నా దృష్టిలో మరింత మేలు.

ఇక పెద్దలకు. ప్రతిరాత్రి అన్నము వడ్డించుచు "ఇవాళ ఎన్ని అమ్మావురా?" అని అడుగకుడు. బావమరిది కొడుకు ప్యాకేజీ ప్రస్తావన అసలే వద్దు. ఆ పోలికకు జడిసియే పిల్లలు ప్రకటనలపై అప్పుచేసి పోయుచున్నారు. ప్లాటు అమ్మవలదు. చిన్న వ్యాపారులకిచ్చు ముద్ర ఋణములలో శిశు వర్గపు పరిమితి 50,000 రూపాయలు. తొలి ప్రయత్నమునకు అందులో సగము చాలును. పోయినను ఇల్లు కదలని మొత్తమెంతయో తండ్రీకొడుకులు ఆరంభమునకు ముందే వ్రాసికొని, అది హరించిననాడు ప్రకటనలు నిలిపివేసి, మిగిలిన చొక్కాలను స్నేహితులకు కొన్నధరకే ఇచ్చివేయవచ్చును.