ముందు వెనక పలక చూడు

భీమిలి

అల్లుడూ,

పాత ఇంజను ఇక బాగుపడదని మెకానిక్కు తేల్చేశాడనీ, ఈసారి 9.9 హార్స్‌పవర్ మానేసి 20 కొందామని నువ్వు అంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఫోన్లో చెప్పింది సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

మీ ఫైబర్ బోటు మీ నాన్న కొన్నది. ఇంజను బిగించే వెనక పలక పైకి ఫైబరే గానీ లోపలుండేది చెక్క. బోల్టు కన్నాల్లోంచి ఏళ్ళ తరబడి ఉప్పునీరు దిగితే అది పుచ్చిపోతుంది, పైకి మాత్రం ఏమీ తెలీదు. షాపుకి వెళ్ళేముందు సుత్తి పిడితో పలకంతా తట్టి చూడు. టక్కుమంటే సరే, చప్పుడు బొదబొదమంటే అనుమానించు. కింది బోల్టు ఒకటి ఊడదీసి, ఆ కన్నం గోడకి సన్న డ్రిల్లు పెట్టి తిప్పు. పొట్టు లేతరంగులో పొడిగా వస్తే పలక గట్టిదే. నల్లగా, తడిగా వచ్చిందంటే మాత్రం ఇంజను డబ్బులో కొంత ముందు పలకకే ఖర్చుపెట్టాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధం వల్ల ఎలాగూ చేపల వేట ఉండదు. చెక్క మార్చి, ఫైబరు వేసి, ఆరబెట్టుకోవడానికి ఆ రోజులు చాలు.

ఇక 20 హార్స్‌పవర్ మాట. వలలు, ఐసు, నలుగురు మనుషులు ఎక్కిన 28 అడుగుల బోటు నీళ్ళని తోసుకుంటూ పోయేదే గానీ నీటిమీదికి లేచి జారేది కాదు. గంటకి 7 నాటికల్ మైళ్ళ దగ్గరికి వచ్చాక ఇంకెంత బలమిచ్చినా వెనక కుంగుతుంది, పెట్రోలు తాగుతుంది, వేగం మాత్రం పెద్దగా పెరగదు. బరువు లాగడానికి చూసుకోవాల్సింది నీళ్ళలో తిరిగే ఫ్యాను. దాని మీద రెండు అంకెలుంటాయి, రెండోది పిచ్, అంటే ఒక చుట్టుకి అది ముందుకి పోయే దూరం. నిండు లోడుతో ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా ఇంజను పుస్తకంలో రాసిన ఆర్పీఎం అందకపోతే తక్కువ పిచ్ ఫ్యాను వేయించు. అంగుళం తగ్గితే సుమారు 200 ఆర్పీఎం పెరుగుతుంది. పెద్ద ఇంజను కొనేకంటే ఇది ఎంత చవకో నువ్వే లెక్కేసుకో.

షాఫ్టు పొడవు దగ్గర మాత్రం పొరపాటు పడకు. పలక పైఅంచు నుంచి బోటు అడుగు దాకా టేపు పెట్టి కొలువు. 15 అంగుళాలొస్తే షార్ట్, 20 వస్తే లాంగ్. ఫ్యానుకి పైనుండే రెక్క బోటు అడుగుతో సమంగానో, ఒక వేలు కిందకో ఉండాలి. షాఫ్టు పొట్టిదైతే కెరటం మీద ముక్కు దిగి వెనక లేచినప్పుడు ఫ్యాను గాలి పీల్చి ఇంజను అరుస్తుంది, బోటు కదలదు. ఒడ్డు కెరటాల్లో ఆ క్షణం అడ్డం తిరిగితే బోల్తాయే. చవగ్గా వస్తోందని పొట్టి షాఫ్టు కొంటే నేనొప్పుకోను.

టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా అంటావా? ఫోర్ స్ట్రోక్ తక్కువ తాగుతుంది, ఆయిలు కలిపే పని లేదు. కానీ మన ఇసక మీద రోజూ ఇంజను ఊడదీసి భుజాన మోసేది మనమే. ఫోర్ స్ట్రోక్ బరువెక్కువ, పైగా పుస్తకంలో చెప్పిన పక్కకే పడుకోబెట్టాలి, లేకపోతే ఆయిలు సిలిండర్లోకి పోతుంది. జెట్టీ దగ్గర కట్టుకునేవాళ్ళకి నేనైతే అదే కొనమంటాను. నీకు మాత్రం 9.9 టూ స్ట్రోకే మేలు. ఇంపెల్లరు, ప్లగ్గులు ఊళ్ళోనే దొరికే కంపెనీది చూసుకో.

మీ అమ్మ ఓ సెకండ్ హ్యాండు ఇంజను మాట కూడా చెప్పింది. దానికి అప్పుడే బయానా ఇవ్వకు. కింది గేరు ఆయిలు స్క్రూ విప్పించి చూడు. పాలు కలిసిన టీ రంగులో కారితే లోపలికి నీళ్ళు పోతున్నట్టే, వద్దని వచ్చెయ్యి. డ్రమ్ములో నీళ్ళు పోయించి, నీ ఎదుటే పావుగంట నడిపించమను. ఇంజను పక్కనుంచి నీటి ధార ఆగకుండా రావాలి. కొలతలు తీశాక ఫోన్ చెయ్యి, షాపుకి నేనూ వస్తాను.

ఇట్లు,
మీ మావయ్య