టీకాకు ముందుచూపు ఏల?

తొలకరి వానలకు పచ్చిక మొలచినంతనే మన కర్నూలు, కడప సీమల గొఱ్ఱెల మందలకు చిటుక రోగభయము పట్టుకొనును. సాయంకాలము చక్కగా మేసిన జీవము తెల్లవారునప్పటికి దొడ్డిలో చచ్చి పడియుండును. ఒకప్పుడు పత్తికొండ ప్రాంతమున ఒక గ్రామములో మేము వానలు పడిన పిమ్మట టీకా వేయించితిమి. అయిదవ దినమున కొన్ని గొఱ్ఱెలు చచ్చెను. సూదివలననే చచ్చినవని కాపరులు మమ్ము నిందించిరి. తప్పు సూదిది కాదు. ఆలసించి వేయించిన మాది. అది మరల జరుగకుండుటకై, టీకా పడినపుడు దేహములో నేమి జరుగునో తెలుపుచున్నాము.

రక్తములో బి-కణములను కావలివారు కలరు. మనుష్యులలో ఇవి ఎముకల మూలుగలో పుట్టి పెరుగును. కోళ్లలో మలద్వారము చెంతనున్న బర్సా అను చిన్న సంచిలో పెరుగును. ఈ సంచిని తీసివేసిన కోడిపిల్లలకు, రోగము నెదిర్చు ప్రతిరక్షకములు సరిగా పుట్టవని 1956లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున బ్రూస్ గ్లిక్, తిమోతీ చాంగ్ మున్నగువారు కోళ్ల పెంపకపు పత్రికలో ప్రకటించిరి. "బి" అను అక్షరము బర్సానుండియే వచ్చినది. గొఱ్ఱెపిల్లలలో ఈ కణములు ముఖ్యముగా చిన్నప్రేగు తుదిభాగమున వృద్ధినొందును.

ఒక్కొక్క బి-కణము ఒక్కొక్క శత్రువునే గుర్తింపగలదు. రోగమును చూడకమునుపే ఇన్ని రకములు సిద్ధమగుచున్నవి. తన మందనే కరచు కుక్కను కాపరి యుంచుకొనడు గదా! అట్లే, తన దేహమునే శత్రువుగా నెంచు కణములను దేహము పెరుగు దశలోనే చాలవరకు తొలగించును.

మిగిలినవి వాననుగోరు గడ్డివిత్తులవలె నిద్రించుచుండును. చిటుక టీకాలో హానిశక్తి పోగొట్టిన రోగవిషముండును. దానిని పట్టగల కొలది కణములే మేల్కొనును. టి-కణములను మఱియొక జాతి కావలివారు తోడుపడిననే అవి పూర్తిగా పనికి పూనుకొనును. అప్పుడు మనము బిళ్ళలని చెప్పు గ్రంథులలో ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరుగును. కొన్ని ప్రతిరక్షకములను విరివిగా తయారుచేయును. ఆ ప్రతిరక్షకములు రోగవిషమునకు అంటుకొని దానిని నిర్వీర్యము చేయును. మఱికొన్ని శత్రువును జ్ఞాపకముంచుకొని చిరకాలము నిలుచును.

ఈ పనికి దినములు కాదు, వారములు పట్టును. అయిదు దినములలో మందకు చాలినంత రక్ష యెట్లు కలుగును? మొదటిసారి టీకా పొందు జీవములకు రెండు మూడు వారములకు మరల వేయించుటయు నిందుకే. రెండవమారు జ్ఞాపక కణములు త్వరగాను, బలముగాను లేచును.

అప్పుడే పుట్టిన పిల్లకు ఈ సంపద యేదియు లేదు. గొఱ్ఱెలలో తల్లి ప్రతిరక్షకములు గర్భములోని పిల్లకు చేరవు, ముర్రుపాలలోనే చేరును. ఒక దినము గడచిన పిమ్మట ప్రేగు వానిని గ్రహింపజాలదు. కావున పిల్ల లేచి నిలిచినంతనే పాలు కుడుపవలయును.

సంఘసభ్యులారా! విత్తనములు తొలకరికి ముందే సమకూర్చుకొందుము గదా. టీకాయు నట్టిదే. వానలకు నెలదినములు ముందుగానే గ్రామపు మందలన్నింటిని ఒక దినమున చేర్చి, పశువైద్యునిచే వేయించుడు. రెండవ మోతాదు తేదిని ఆనాడే వ్రాసికొనుడు. మబ్బు పట్టిన పిమ్మట సూదికై పరుగెత్తిన ఫలము లేదని మేము నష్టపడి నేర్చుకొంటిమి. మీరు నష్టపడకయే నేర్చుకొనుడు.