తీసేసిన కంపెనీ మళ్లీ పిలిస్తే

నెల్లిమర్ల జ్యూట్ మిల్లు ఎన్నిసార్లు లాకౌట్ అయి ఎన్నిసార్లు తెరుచుకుందో విజయనగరం జిల్లా కార్మిక కుటుంబాలకు తెలుసు. కరెంటు చార్జీలు భారమైనప్పుడల్లా ఫెర్రో అల్లాయ్స్ ఫర్నేసులు ఆగిపోవడం బొబ్బిలి ప్రాంతం చూసిందే. 2024 సెప్టెంబరు చివర్లో విశాఖ ఉక్కులో సుమారు 4 వేల మంది కాంట్రాక్టు కార్మికులను గేటు బయట నిలబెట్టారు. ఆందోళన జరిగాక కొద్ది రోజుల్లోనే మళ్లీ పనిలోకి తీసుకున్నారు. 2025లో తొలగింపులు తిరిగి మొదలయ్యాయి. కాబట్టి తీసేసిన చోటే మళ్లీ ఉద్యోగం దొరుకుతుందా అన్నది హైదరాబాద్, బెంగళూరుల్లోని ఐటీ పిల్లల బెంగ మాత్రమే కాదు. వెనక్కి పిలవడం కంపెనీ చూపించే దయ కాదు, దాని అవసరం. ఆ అవసరం పడిన రోజున మన మాట ఎంతవరకు చెల్లుతుందనేది, బయటికి వచ్చిన రోజున మనం ఏ కాగితం మీద సంతకం పెట్టామన్న దాన్ని బట్టి ఉంటుంది.

అవసరం ఎలా పుడుతుందో సత్యం కంప్యూటర్స్ చరిత్రలో కనిపిస్తుంది. 2009 జనవరిలో కుంభకోణం బయటపడి, ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా చేతికి వచ్చాక, ప్రాజెక్టులు లేని వేలమందిని ఆ జూన్‌లో ‘వర్చువల్ పూల్’లో పెట్టారు. ఆరు నెలల వరకు బేసిక్ జీతం, పీఎఫ్, వైద్య బీమా ఇస్తూ ఇంట్లో కూర్చోబెట్టారు. పని దొరికితే పిలుస్తామన్నారు. కొందరికి పిలుపు వచ్చింది, చాలామంది వేరే దారి చూసుకున్నారు. అమెరికాలో సేల్స్‌ఫోర్స్ 2023 జనవరిలో పది శాతం సిబ్బందిని తగ్గిస్తామని చెప్పి, అదే ఏడాది సెప్టెంబరులో 3,300 మందిని తీసుకుంటామని ప్రకటించింది. పాతవాళ్లు కూడా రావచ్చంది. పాత మనిషికి పని తెలుసు, యంత్రం తెలుసు, క్లయింటు తెలుసు. కొత్తవాళ్లకు నేర్పించే నెలల జీతం మిగులుతుంది. అయినా ఈ లెక్క చూసి పిలుపు కోసం ఖాళీగా కూర్చుంటే మాత్రం నష్టం మనకే. విజియర్ అనే సంస్థ 2025లో 142 కంపెనీల సమాచారం పరిశీలిస్తే, తీసేసినవాళ్లలో తిరిగి అదే కంపెనీలో చేరినవాళ్లు సుమారు 5 శాతమే.

మన దగ్గర చాలామందికి తెలియని సంగతి, ఈ పిలుపు కొందరికి చట్టం ఇచ్చిన హక్కు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 25-హెచ్ సెక్షన్ ప్రకారం, రిట్రెంచ్ చేసిన (శిక్షగా కాకుండా యాజమాన్యమే తొలగించిన) కార్మికులు ఉండగా కంపెనీ కొత్తవాళ్లను తీసుకోవాలంటే ముందు పాతవాళ్లకే అవకాశం ఇవ్వాల్సి ఉండేది. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ 72వ సెక్షన్‌గా ఈ హక్కు ఉంది. కాకపోతే ఇప్పుడు గడువు పెట్టారు. తొలగించిన ఏడాదిలోపు జరిగే నియామకాలకే అది వర్తిస్తుంది. అందుకే పైడిభీమవరం ఫార్మా యూనిట్‌లో పనిచేసినా, గాజువాకలో గది తీసుకుని ఉద్యోగం చేసినా, పని పోయి ఊరికి వచ్చేశాక కొత్త చిరునామా, ఫోన్ నంబరు కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. దీనికంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. ‘రాజీనామా ఇచ్చేయండి, రికార్డు బాగుంటుంది’ అని హెచ్‌ఆర్ వాళ్లు అంటే తొందరపడి సంతకం చేయకూడదు. రాజీనామా ఇచ్చినవాళ్లు రిట్రెంచ్ అయినవాళ్లు కారు. పరిహారమూ, ఈ ప్రాధాన్యమూ రెండూ ఆ సంతకంతో పోతాయి. మేనేజర్లకు, నెలకు 18 వేలకు మించి జీతమున్న సూపర్‌వైజర్లకు ఈ సెక్షన్ వర్తించదు. వాళ్లకు మిగిలేది పాత టీమ్‌తో ఉన్న మంచి సంబంధం, రిలీవింగ్ లెటర్.

పొమ్మన్నచోటికి మళ్లీ వెళ్లడం ఆత్మగౌరవానికి దెబ్బ కాదా అని పెద్దవాళ్లు అడుగుతారు. ఆ బాధ నిజమే, దాన్ని తీసిపారేయలేం. అయితే ఆర్డర్లు పోయి సెక్షన్ మొత్తాన్ని మూసేసినప్పుడు అది మన పనితనం మీద ఇచ్చిన తీర్పు కాదు. మన మీద నేరం మోపి, అవమానించి పంపిన చోటికైతే వెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం. ఒకసారి తీసేసినవాళ్లు మళ్లీ తీసేయరా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. తీసేయొచ్చు, విశాఖ ఉక్కులో జరిగింది అదే. అయితే ఆ ప్రమాదం కొత్త కంపెనీలోనూ ఉంటుంది. పాతచోట మనకు లోపలి సంగతులు తెలుసు. ఆర్డర్లు నిజంగా వచ్చాయా, ఈసారి పర్మనెంటా లేక కాలపరిమితి ఉద్యోగమా అని పాత సహోద్యోగులను అడిగి తెలుసుకోవచ్చు. కాలపరిమితి ఉద్యోగమైతే గడువు ముగిశాక ఇంటికి పంపడం రిట్రెంచ్‌మెంట్ కిందకు రాదన్నది గుర్తుంచుకోవాలి.

వెళ్లాలనుకుంటే పాత జీతం దగ్గర మాట మొదలుపెట్టకూడదు. మధ్యలో నేర్చుకున్న పనికీ, ప్రస్తుత మార్కెట్ జీతానికీ లెక్క కట్టి అడగాలి. పాత సర్వీసు కలుపుతామంటే ఆ మాట ఆఫర్ లెటర్‌లో రాయించుకోవాలి, లేకపోతే గ్రాట్యుటీ లెక్క మొదటి నుంచి మొదలవుతుంది. ఖాళీ నెలల్లో పీఎఫ్ పూర్తిగా తీసేయకుండా ఉండగలిగితే మంచిది. పెన్షన్ సొమ్ము కూడా వెనక్కి తీసేసుకుంటే, పెన్షన్‌కు కావాల్సిన పదేళ్ల సర్వీసులో పాత ఏళ్లు లెక్కకు రావు.

ఈ హక్కుల్లో పెద్ద లోటు కాంట్రాక్టు కార్మికులదే. చట్టం కళ్లకు వాళ్ల యజమాని కాంట్రాక్టరు, ఫ్యాక్టరీ కాదు. కాంట్రాక్టరు మారితే ఏళ్ల తరబడి ఒకే యంత్రం దగ్గర పనిచేసిన మనిషి కూడా కొత్తవాడైపోతాడు. సిక్కోలు నుంచి, పార్వతీపురం నుంచి ఐటీఐ చదివి ఈ పనుల్లో చేరే పిల్లలు మొదటి నెల నుంచే వేతన స్లిప్పులు, ఈఎస్ఐ నంబరు, పీఎఫ్ నంబరు (యూఏఎన్), గేటు పాసు నకలు దాచుకోవాలి. ఫలానా చోట ఇన్నేళ్లు పనిచేశానని లేబర్ ఆఫీసు ముందు చూపించడానికి వాళ్ల దగ్గర ఉండే ఆధారాలు అవే.