వేకువ పరుగును, బాటమీది పరులును

హాలియానుండి నిడమనూరు మీదుగా మిర్యాలగూడకు పోవు బాటమీదను, నాగార్జునసాగరు ఎడమకాలువ గట్లమీదను తెల్లవారకమునుపే పరుగెత్తు యువకులను మనమందరము చూచుచున్నాము. వీరిలో పలువురు పోలీసు కొలువునకో, సైన్యమునకో సిద్ధపడువారు. 2022వ సంవత్సరపు తెలంగాణ పోలీసు నియామకములలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషముల 15 సెకనులలోను, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషముల 20 సెకనులలోను ముగింపవలసి యుండెను. ఆ వ్యవధిని మించినవారికి లంఘనమును లేదు, గుండు విసరుటయు లేదు, ఇంటికి పోవలసినదే. కావున పేదయింటి బిడ్డలకు ఈ పరుగు వినోదము కాదు, బ్రతుకుతెరువు. పగలు ఎండయు పనియు నుండును, సాయంకాలము బాటపై బండ్ల రద్దీ యుండును. వారికి మిగిలినది వేకువయే.

ఊపిరి యెట్లు పట్టవలయునో, అడుగెట్లు వేయవలయునో నేర్పువారు కలరు. పరులు నడచుచున్న బాటపై ఎట్లు పరుగెత్తవలయునో నేర్పువారు మాత్రము అరుదు. దానిని గూర్చియే విద్యార్థులకు కొంత చెప్పదలచితిమి.

పరుగెత్తువాడు ముందున్నవారిని చూచుచుండును. ముందున్నవా రతనిని చూడరు. వారికి తెలియునది వెనుకనుండి వేగముగా దగ్గరపడుచున్న అడుగుల చప్పు డొక్కటే. ఆ వేళ బాటపై నుండువారెవరు? నాట్లకును, పత్తి తీయుటకును పోవు కూలి స్త్రీలు, పాలు పోయువారు, వైద్యుడు నడువుమనగా బయలుదేరిన వృద్ధులు. మెడలో పుస్తెలతాడు గల స్త్రీకి చీకటిలో ఆ చప్పుడు వినబడినప్పుడు మొదట తోచు నాలోచన ఏమిటో వేరుగా చెప్పనక్కర లేదు. పరుగెత్తు బాలుడు ఎంత సాధువైనను ఆమె కది తెలియు మార్గము లేదు. అందువలన తెలియజేయు భారము వెనుకనుండి వచ్చువానిదే యని మా అభిప్రాయము.

దీనికొక చిన్న లెక్క కలదు. 7 నిమిషముల 15 సెకను లనగా 435 సెకనులు. 1600 మీటర్లను దానిచే భాగింపగా సెకనుకు సుమారు 3.7 మీటర్ల వేగము వచ్చును. గంటకు 5 కిలోమీటర్లు నడచువారి వేగము సెకనుకు 1.4 మీటర్లు. తేడా 2.3 మీటర్లు. 20 మీటర్ల వెనుకనుండి పిలిచినచో ముందున్నవారికి దాదాపు 9 సెకనుల వ్యవధి దొరకును. తిరిగి చూచి, ఊపిరి తీసికొని, నిలిచిన చోటనే నిలువవచ్చును. 5 మీటర్లనుండి పిలిచినచో దొరకునవి 2 సెకనులే. ఉలికిపడినవారు చప్పుడు వచ్చిన దిక్కునకే తిరిగి, పరుగెత్తువానికి అడ్డముగానో, బాట నడుమకో అడుగు వేయుదురు. వెనుక లారీ యున్నచో ఏమగునో ఊహింపుడు.

పిలుచుట యెట్లు? ఈల వేయరాదు, చప్పట్లు కొట్టరాదు. అవి గొడ్లను తోలునట్టి పద్ధతులు. "అక్కా, ఎడమపక్కకెల్లి పోతున్న" అనినను, "తాతా, నేనే, ఉరుకుతున్న" అనినను చాలును. వరుస పెట్టి పిలిచిన గొంతు విన్నంతనే సగము భయము పోవును. ఇక చెవులలో పాటలు పెట్టుకొని పరుగెత్తువాడు తానును వినడు, ఇతరులు పలికిన బదులును వినడు.

పాదచారులకు వేరుదారి లేని బాటపై కుడియంచున, వచ్చు బండ్ల కెదురుగా పరుగెత్తవలయును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చు బండి 100 మీటర్లను 6 సెకనులలో దాటును, కంటబడినగాని తప్పించుకొనలేము. నలుగురు కలిసి పోవునప్పుడు ఒకరి వెనుక నొకరు పోవలయును గాని బాటనంతయు పరచుకొనరాదు. కోతలకాలమున రైతులు వడ్లను బాటపైననే ఆరబోయుదురు. అట్లు చేయుట సరియా కాదా యనునది వేరు చర్చ. రాత్రి కప్పిన పట్టాల చుట్టును రాళ్లుండును గనుక చీకటిలో అవి కాళ్లకు శత్రువులు. వడ్లను త్రొక్కుకొని పోవుట మాత్రము ఎవరికిని తగదు.

బాలికలను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. పోలీసు కొలువునకు పరుగెత్తు ఆడపిల్లలు మన ప్రాంతమునను ఉన్నారు. ఒంటరిగా పరుగెత్తు బాలిక వెనుక అదే వేగమున చాలదూరము పోరాదు. ఎడముగా దాటి ముందునకు పోవలయును, లేదా నిలిచి వెనుకబడవలయును. ప్రక్కన చేరి వేగము కలుపుట, సలహా లిచ్చుట, ఫోటో తీయుట కూడదు. "ఏ ఊరమ్మా మీది?" అని అడుగుట మనలో మంచి మర్యాదయే. కాని నిర్జనమైన కాలువగట్టున, చీకటిలో, ఆ ప్రశ్నయే బెదరింపుగా వినబడును. ఆ భయముతో ఆమె పరుగు మానుకొన్నచో పోవునది ఆమె కొలువు.

చూచువారికిని ఒక బాధ్యత కలదు. 2018 మే నెలలో పిల్లల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను పుకారు పుట్టి, తెలంగాణలో కొన్నిచోట్ల జనులు అపరిచితులను కొట్టి చంపిరి. అమెరికాలోని జార్జియా రాష్ట్రమున 2020 ఫిబ్రవరి 23న అహ్మద్ ఆర్బెరీ అను 25 సంవత్సరముల నల్లజాతి యువకుడు పరుగెత్తుచుండగా, దొంగ యని తలచి ముగ్గురు శ్వేతజాతీయులు బండ్లతో వెంబడించిరి. వారిలో నొకడు కాల్చి చంపెను. మరుసటి సంవత్సరము నవంబరులో న్యాయస్థానము ఆ ముగ్గురిని హంతకులుగా నిర్ణయించినది. పరుగెత్తుట నేరమునకు గురుతు కాదు. అనుమానము కలిగిన, "ఎవరు బాబూ?" అని అడుగవచ్చును, అవసరమైన 100కు ఫోను చేయవచ్చును, చేయి యెత్తు హక్కు ఎవరికిని లేదు.

పొరుగూళ్లనుండి హాలియాకు వచ్చి గదులలో నుండి చదువుకొను బాలురు ఇందుచేత ఒక పని చేయవలయును. ప్రతిదినము ఒకే వేళకు ఒకే దారిని, తెల్లని చొక్కాతో పరుగెత్తవలయును. ఇండ్ల నడుమ సందులలో పరుగు వలదు. మొదటి వారము ఈ ఊరివాని నొకనిని వెంట నుంచుకొని, టీకొట్టువానిని, పాలవానిని, కాలువమీది లష్కరును పేరు చెప్పి పలుకరింపవలయును. వారు మొగము గుర్తుపట్టిన పిమ్మట తోడు లేకున్నను పరవాలేదు.