సూరత్ ఆతిథ్యం: విదేశీ విద్వాంసులు, వారికి పాఠం చెప్పినవారు

తపతీ నది సముద్రంలో కలిసే చోటికి కొంత ఎగువన ఉన్న సూరత్ నగరాన్ని మన చరిత్ర పుస్తకాలు రేవుపట్టణంగా పరిచయం చేస్తాయి. మొగలుల కాలంలో మక్కా యాత్రికులు ఓడ ఎక్కినది ఇక్కడే. ఇంగ్లీషు, డచ్చి, ఫ్రెంచి కంపెనీలు కోఠీలు కట్టుకొన్నదీ ఇక్కడే. నేడు సూరత్ పేరు చెప్పగానే కృత్రిమ పట్టు చీరలు, వజ్రాలకు సానపట్టే కార్ఖానాలు స్ఫురిస్తాయి. అయితే ఈ రేవుకు సరకుల కోసం గాక చదువు కోసం వచ్చినవారు కూడా ఉన్నారు. వారిని ఎవరు ఆదరించారు, ఏమి నేర్పారు, వారు వెళ్ళిపోయిన తరువాత ఇక్కడ ఏమి మిగిలినది అనే విషయం విశ్వవిద్యాలయాలలో చదువుకొనే వారందరూ తెలుసుకోదగినది. ఎందుకంటే విదేశీ ఆచార్యులకు ఆతిథ్యమివ్వడం నేడు చాలా విద్యాసంస్థలకు పరిపాటి అయినది. ఆతిథ్యమంటే గది, కారు, శాలువా అనే అభిప్రాయం కూడా దానితోపాటే స్థిరపడినది.

కిర్మాన్ నుంచి వచ్చిన గురువు

పార్సీలు ఇరాన్ నుంచి గుజరాత్ తీరానికి వచ్చి స్థిరపడి అప్పటికి అనేక శతాబ్దాలు గడిచినవి. వారి పవిత్ర గ్రంథమైన అవెస్తా భాష వాడుకలో లేదు. దానికి పూర్వులు రాసిన పహ్లవీ వ్యాఖ్యానం అర్థం చేసుకోగల పురోహితులు కూడా తక్కువైనారు. ఆ స్థితిలో 1720 ప్రాంతంలో ఇరాన్‌లోని కిర్మాన్ నుంచి జామాస్ప్ అనే పండితుడు గుజరాత్‌కు వచ్చారు. విలాయతు నుంచి వచ్చినవాడు కనుక పార్సీలు ఆయనను జామాస్ప్ విలాయతీ అన్నారు. తెలుగువారికి విలాయతు అంటే ఇంగ్లండు. ఆనాటి సూరత్ పార్సీకి అది ఇరాన్.

జామాస్ప్ ఇక్కడ ఎదిగివచ్చిన కొందరు పురోహితులకు గ్రంథపాఠం చెప్పారు. వారిలో సూరత్‌కు చెందిన దస్తూర్ దారాబ్ ముఖ్యుడు. దస్తూర్ అనగా ప్రధాన పురోహితుడు. జామాస్ప్ ఎక్కువకాలం ఉండలేదు. కాని ఆయన రాక వల్ల రెండు వివాదాలు బయలుదేరినవి. మృతదేహానికి ముఖాన వస్త్రం కప్పే ఆచారం సరియైనదా కాదా అనేది ఒకటి. ఇరాన్ పంచాంగానికీ గుజరాత్ పంచాంగానికీ సరిగా ఒక నెల తేడా ఉన్నదనేది రెండవది. 1745లో సూరత్‌లోని కొందరు ఇరాన్ లెక్కను స్వీకరించడంతో పార్సీలలో కద్మీలు అనే శాఖ ఏర్పడినది. ఒక అతిథి పండితుని రాక ఒక సమాజాన్ని ఇంతగా కదిలించవచ్చును. ఆతిథ్యంలో ఈ సాహసం కూడా ఇమిడియున్నది.

ఫ్రెంచి యువకుడు, దస్తూర్ దారాబ్

1754లో పారిస్ నగరంలో ఆంకెతిల్ దుపెర్రాన్ అనే యువకుడు నాలుగు పుటల నకలు ఒకటి చూశారు. ఆక్స్‌ఫర్డులో ఉన్న వెందీదాద్ ప్రతికి అది నకలు. వెందీదాద్ అవెస్తాలోని ఒక భాగం. ఐరోపాలో దానిని చదవగలవారు ఒక్కరూ లేరు. చదవడం నేర్పగలవారు భారతదేశంలో ఉన్నారని తెలిసి, ప్రయాణానికి డబ్బులేక, ఫ్రెంచి కంపెనీ సైన్యంలో పేరు రాయించుకొన్నారు ఆయన. మిత్రుల ప్రయత్నంతో చివరకు ఉచిత ప్రయాణమూ కొద్దిపాటి భత్యమూ లభించినవి. 1755లో పుదుచ్చేరి చేరి పారశీకం నేర్చుకొన్నారు. తరువాత చందర్‌నగర్ వెళ్ళారు. ఆ పట్టణాన్ని 1757లో ఇంగ్లీషువారు పట్టుకొన్నారు. అక్కడినుంచి తూర్పుతీరం వెంబడి నేలదారిన పుదుచ్చేరికి తిరిగివచ్చారు. ఆ దారి మన తెలుగుతీరం మీదుగానే పోతుంది. 1758 మే నెలలో సూరత్ చేరినప్పుడు ఆయన సోదరుడు అక్కడి ఫ్రెంచి కోఠీలో ఉద్యోగి.

దస్తూర్ దారాబ్ పాఠం చెప్పడానికి ఒప్పుకొన్నారు. అది తేలిక నిర్ణయమని అనుకోరాదు. అన్యమతస్థునికి పవిత్ర గ్రంథాలు చూపడమే కాక, ప్రతులు ఇచ్చి, అక్షరాలు నేర్పి, అర్థం చెప్పాలి. పాఠం పారశీకంలో సాగినది. అవెస్తా వాక్యాన్ని పహ్లవీ వ్యాఖ్యానం సాయంతో దారాబ్ పారశీకంలో చెప్పేవారు. శిష్యుడు దానిని రాసుకొనేవారు. ఇట్లా ఒక మాట మూడు భాషలు దాటి ఫ్రెంచికి చేరినది. శిష్యునికి అనుమానం కూడా ఎక్కువే. తనకిచ్చిన వెందీదాద్ ప్రతిలో పాఠం నిజమైనదేనా అని, దారాబ్‌కు వ్యతిరేక పక్షంవారి వద్దనుంచి మరొక ప్రతి సంపాదించి పోల్చిచూశారు. జామాస్ప్ లేవనెత్తిన వివాదమే ఆ రెండు పక్షాలకు మూలం. వెనుకటి అతిథి మిగిల్చిన తగాదా తరువాతి అతిథికి ఈ విధంగా ఉపకరించినది.

1759 మార్చిలో ఇంగ్లీషువారు సూరత్ కోటను స్వాధీనం చేసుకొన్నారు. ఫ్రాన్సు, ఇంగ్లండు అప్పుడు యుద్ధంలో ఉన్నవి. అయినా పాఠం ఆగలేదు. ఆ ఏడే వెందీదాద్ అనువాదం ముగిసినది. మారువేషంలో అగ్నిదేవాలయంలోకి వెళ్ళివచ్చినట్లు కూడా ఆంకెతిల్ తన పుస్తకంలో రాసుకొన్నారు. ఆ కథ నిజమేనా అని తరువాతి పార్సీ పండితులు సందేహించారు. నిజమే అయితే, అది తనకు చదువు చెప్పిన ఇంటి గౌరవానికి తగిన పని కాదు.

1761లో ఆయన సూరత్ విడిచారు, అదీ ఇంగ్లీషు ఓడమీదనే. ఆక్స్‌ఫర్డులో ఆగి అక్కడి ప్రతిని తన ప్రతులతో సరిచూసి, 1762లో పారిస్ చేరారు. వెంట తెచ్చిన నూట ఎనభై రాతప్రతులను రాజగ్రంథాలయానికి అప్పగించారు. 1771లో అవెస్తా ఫ్రెంచి అనువాదం మూడు సంపుటాలుగా వెలువడినది. అది కల్పితగ్రంథమని ఎగతాళి చేసినవారిలో, తరువాతికాలంలో కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీ స్థాపించిన విలియం జోన్స్ ఒకరు. అవెస్తా ప్రామాణికమైనదనీ, సంస్కృతానికి దగ్గర చుట్టమనీ డెన్మార్కు పండితుడు రాస్క్ 1826లో నిరూపించేదాకా ఈ వివాదం పూర్తిగా తీరలేదు. ఆపైన బ్యూర్నూఫ్ అనే ఫ్రెంచి పండితుడు, గుజరాత్‌లో పార్సీ పురోహితుడు నేర్యోసంగుడు ఏనాడో చేసిన సంస్కృతానువాదం ఆధారంగా, దుపెర్రాన్ తప్పులను దిద్దారు. ఆ అనువాదం ప్రతి పారిస్‌లో ఉన్నది కూడా సూరత్ నుంచి వెళ్ళిన సేకరణ పుణ్యమే.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఐరోపా విద్యాచరిత్రలో ఆంకెతిల్ పేరు ప్రసిద్ధం. దారాబ్ పేరు పాదసూచికలలో ఉన్నది. దారాబ్ సంఘంవారు ఆ పుస్తకం చదవడానికి ఫ్రెంచి నేర్చుకోవలసివచ్చినది. బొంబాయి పండితుడు జీవన్‌జీ జంషెడ్‌జీ మోదీ ఈ గురుశిష్యుల విషయం విస్తరించి పుస్తకం రాసేసరికి 1916 వచ్చినది. తెలుగువారికి ఇటువంటి ఉదాహరణ దగ్గరలోనే ఉన్నది. కడపలో తన బంగళాలో పండితులకు జీతాలిచ్చి పెట్టుకొని బ్రౌను దొర తెలుగు కావ్యాలు పరిష్కరింపజేశారు. దొర పేరు ఎరుగని తెలుగు విద్యార్థి లేడు. ఆ పండితుల పేర్లు ఎందరికి తెలుసు?

ప్రాంగణం, గ్రామం

రెండు శతాబ్దాల తరువాత సూరత్‌కు విశ్వవిద్యాలయం వచ్చినది. 1965లో దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయంగా ఏర్పడిన ఈ సంస్థకు 2004లో సూరత్‌లో పుట్టిన గుజరాతీ కవి నర్మద్ పేరు చేర్చారు. సమాజశాస్త్రవేత్త ఐ. పి. దేశాయి 1969లో స్థాపించిన పరిశోధన సంస్థ ఆ ప్రాంగణంలోనే పనిచేస్తున్నది. దాని నేటి పేరు సెంటర్ ఫర్ సోషల్ స్టడీస్. గుజరాత్ గ్రామాలలో అస్పృశ్యత ఎంతవరకు మిగిలియున్నదో పరిశీలించి 1976లో గ్రంథం ప్రకటించినవారు దేశాయి.

డచ్చి సమాజశాస్త్రవేత్త యాన్ బ్రెమన్ దక్షిణ గుజరాత్ గ్రామాలకు మొదటిసారి వచ్చినది 1962లో. అప్పుడు ఆయన వయస్సు ఇరవయ్యారు. ఆయన పరిశీలించినది హాలీ పద్ధతి. కూలివాడు పెళ్ళి ఖర్చుకు భూస్వామి వద్ద అప్పు తీసుకొని, అది తీరేదాకా అతని పొలంలో పనిచేయాలి. భార్య యజమాని ఇంట పాచిపని చేయాలి. అప్పు తీరడమనేది సాధారణంగా జరిగేది కాదు. యజమానులు అనావిల్ బ్రాహ్మణులు, పనివారు దుబ్లా గిరిజనులు. వీరికే తరువాత హల్పతులనే పేరు వచ్చినది. తెలంగాణ పల్లెలలోని వెట్టి, జీతగాడి కథలు విన్నవారికి ఇది కొత్తగా తోచదు. ఈ పరిశోధన ఫలితంగా 1974లో ఇంగ్లీషులో గ్రంథం వెలువడినది.

ఇంతటితో పని ముగిసినదనుకొని బ్రెమన్ వెళ్ళిపోలేదు. దశాబ్దాల పాటు మళ్ళీమళ్ళీ వచ్చారు. బార్డోలీ ప్రాంతపు చెరకు తోటలకు ఖాందేశ్ నుంచి వచ్చే కోతగాళ్ళను, ఇటుక బట్టీలలోని పనివారిని, సూరత్ మరమగ్గాల కార్మికులను ఆయన వెంబడించి చూశారు. 1985, 1996 సంవత్సరాలలో వచ్చిన పెద్ద గ్రంథాలు ఆ శ్రమ ఫలాలు. సూరత్ కేంద్రంతో ఆయనకు దీర్ఘకాల సంబంధం ఉన్నది. ఆయన గౌరవార్థం 2002లో గుజరాత్ అభివృద్ధిపై వెలువడిన వ్యాససంపుటికి సంపాదకులు ముగ్గురు: ఆ కేంద్రానికి సంచాలకులుగా పనిచేసిన ఘన్‌శ్యామ్ షా, డచ్చి పరిశోధకులు మారియో రుటెన్, హైన్ స్ట్రేఫ్‌కెర్క్. దారాబ్, ఆంకెతిల్ పేర్లు ఒకే ముఖపత్రంమీద ఉండడం 1771లో ఎవరూ ఊహించని విషయం. 2002లో ఆతిథేయుల పేరు, అతిథుల పేరు పక్కపక్కన అచ్చయినవి.

అనుమతి పత్రాలు

ఆంకెతిల్‌కు కావలసినది కోఠీ అధికారుల సిఫారసు. నేటి పరిశోధకునికి పరిశోధన వీసా కావాలి. దానికి భారతీయ విద్యాసంస్థ ఒకటి ఆయనను తనకు అనుబంధంగా స్వీకరిస్తున్నట్లు పత్రమివ్వాలి. నూట ఎనభై రోజులకు మించిన వీసా అయితే, వచ్చిన పద్నాలుగు రోజులలో నమోదు అవసరం. వసతి ఇచ్చినవారు ఇరవైనాలుగు గంటలలో అధికారులకు తెలియజేయాలి. 1939, 1946 సంవత్సరాల పాత చట్టాల స్థానంలో 2025లో వచ్చిన కొత్త చట్టం విద్యాసంస్థల బాధ్యతను విడిగా పేర్కొన్నది.

ఈ జాగ్రత్త కారణం లేకుండా రాలేదు. 1960 దశకం చివర అమెరికా రక్షణశాఖ ధనంతో హిమాలయ సరిహద్దు ప్రాంతాలపై తలపెట్టిన విశ్వవిద్యాలయ పరిశోధన మన దేశంలో తీవ్ర విమర్శకు గురియైనది, అది ఆగిపోయినది. అటు తరువాత విదేశీ పరిశోధకులపట్ల పరిశీలన పెరిగినది. దేశభద్రతకు అది అవసరమే. అయితే ఒకటి గమనించాలి: పత్రంపై సంతకం చేసిన సంస్థ పరిశోధకుని ప్రశ్న ఏమిటో చదివి, దానితో వాదించగల ఆచార్యుని అప్పగించినప్పుడే ఆ సంతకానికి విలువ. లేకపోతే అది చిరునామా ఇవ్వడం మాత్రమే. 1950లో ఒడంబడికతో ఆరంభమైన అమెరికా ఫుల్‌బ్రైట్ మార్పిడి గాని, విదేశీ ఆచార్యులచేత కొద్దిరోజుల పాఠాలు చెప్పించడానికి భారతప్రభుత్వం 2015లో ఆరంభించిన జ్ఞాన్ పథకం గాని ఈ నియమానికి అతీతం కాదు. వారంరోజుల పాఠానికి వచ్చిన ఆచార్యుని ప్రశ్నించడానికి విద్యార్థులు ముందుగా నెలరోజులైనా చదవవలసియుంటుంది. ఆ చదువు ఏర్పాటు చేయడం భోజనం ఏర్పాటు చేయడంకన్న కష్టం, కనుక సాధారణంగా భోజనమే జరుగుతుంది.

సూరత్‌లో మరొక చిక్కు ఉన్నది. గుజరాతీ నేర్చుకొని వచ్చిన పరిశోధకునికి సగం నగరం మాత్రమే అందుతుంది. మరమగ్గాలమీద గంజాం జిల్లా ఒడియా కార్మికులు వేలాదిగా పనిచేస్తున్నారు. మరాఠీవారు, ఉత్తరప్రదేశ్ వారు ఉన్నారు. తెలంగాణ జిల్లాలనుంచి వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా అక్కడ స్థిరపడినవి. నగరపాలక సంస్థ పాఠశాలలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమం కూడా ఉన్నది. ఈ నేత కుటుంబాల చరిత్ర రాయాలని రేపు ఎవరైనా విదేశీ పరిశోధకుడు సూరత్ విశ్వవిద్యాలయానికి వస్తే, దారాబ్ స్థానంలో కూర్చొని ఒక్కొక్క మాటకు అర్థం చెప్పవలసినవాడు ఆ పాఠశాలలో చదివి, అదే విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకొన్న తెలుగు నేతగాని కొడుకో, కూతురో కావచ్చును. వారి పేరు పుస్తకంలో ఎక్కడ అచ్చుకావాలో విశ్వవిద్యాలయం అనుబంధపత్రంలోనే ముందుగా రాయించవచ్చును.