మాట వినని రైలుబండి

ఆవిరియంత్రము పట్టాలపై పరుగిడ నారంభించిన కొలది దశాబ్దములకే దాని చిన్న ప్రతిరూపములు ఐరోపాలోని పిల్లల చేతికి వచ్చినవి. 1891లో జర్మనీ దేశపు మేర్క్లిన్ సంస్థ లైప్‌జిగ్ సంతలో, పట్టాల వెడల్పునకు నియతమైన కొలతలు గల బొమ్మ రైళ్లను ప్రదర్శించెను. 1920లో ఇంగ్లండునందు లివర్‌పూలు నగరవాసియగు ఫ్రాంక్ హార్న్‌బీ, తాళపుచెవితో త్రిప్పిన నడచు రైలుబండ్లను అమ్మకమునకు తెచ్చెను. కాలక్రమమున పెద్దలును ఈ ఆటను ఒక విద్యగా అభ్యసింపసాగిరి. నమూనా రైలుమార్గములను నిర్మించువారికై 1935లో అమెరికాలో ‘నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్’ అను సంఘము స్థాపింపబడెను.

నేడు విశేషముగ వాడుకలోనున్న కొలతకు ‘హెచ్.ఓ.’ అని పేరు. ఇందు ప్రతి వస్తువును అసలు పరిమాణములో 87వ వంతుగా నుండును. రెండు పట్టాల నడుమ దూరము 16.5 మిల్లీమీటర్లు మాత్రమే. ఇంత చిన్న బండి మాట వినుటయెట్లు? వినకున్నచో లోపమును కనుగొనుటయెట్లు? ఈ పాఠమున తెలిసికొనవలసినది ఇదియే.

పూర్వపద్ధతి మిక్కిలి సులభమైనది. పట్టాలలో 12 వోల్టుల వరకు ఏకముఖ విద్యుత్తును పంపుదురు. వోల్టులు పెరిగినచో బండి వేగము పెరుగును. విద్యుత్తు దిశ మారినచో బండి వెనుకకు నడచును. కాని ఒకే మార్గముపై రెండు ఇంజనులుండెనేని, రెండును ఒక్కమారే కదలును, ఒక్కమారే నిలుచును. వానిని వేరువేరుగ నడపుటకు మార్గమును ముక్కలుగా విభజించి, ప్రతి ముక్కకు ఒక మీటను అమర్చవలసివచ్చెడిది.

ఈ చిక్కును విడదీసినది డిజిటల్ పద్ధతి. జర్మనీలోని లెంజ్ సంస్థ రూపొందించిన పద్ధతి ఆధారముగ, పైన చెప్పిన అమెరికా సంఘము 1990 తరువాతి దశాబ్దమున ప్రమాణములను ప్రకటించెను. ఇందు పట్టాలయందు విద్యుత్తు ఎల్లప్పుడును నిండుగ ప్రవహించుచుండును. దాని దిశ సెకనునకు వేలకొలది మారులు మారుచుండును. ఈ మార్పుల నడిమి కాలమే భాష. ఒక్కొక్క అర్ధభాగము 58 మైక్రోసెకనులున్నచో ‘1’ అనియు, 100 మైక్రోసెకనులు గాని అంతకు మించి గాని ఉన్నచో ‘0’ అనియు అర్థము.

ప్రతి ఇంజనులోను ‘డీకోడరు’ అను చిన్న పలక యుండును. దానికొక సంఖ్య చిరునామాగా నుండును. ఆజ్ఞలో మొదట చిరునామా, పిదప చేయవలసిన పని, కడపట సరిచూచు సంఖ్య వచ్చును. సరిచూచు సంఖ్య సరిపడనిచో డీకోడరు ఆ ఆజ్ఞను పాటింపక విడిచివేయును. కావున దారిలో చెడిన ఆజ్ఞ సాధారణముగ తప్పు ఆజ్ఞ కాదు. అది అందని ఆజ్ఞ యగును. ఈ భేదమును విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను.

తరువాత నడపువాని చేతిలోని కంట్రోలరుకు తీగ అక్కరలేని కాలము వచ్చెను. రేడియో తరంగములచేత ఆజ్ఞ గ్రాహకమునకు చేరును. అచ్చటినుండి నియంత్రణ కేంద్రమునకును, బూస్టరునకును, పట్టాలకును, చక్రములకును, తుదకు డీకోడరునకును పోవును. బండి వెంట నడచుచు దానిని నడపుట ఇప్పుడు సాధ్యమైనది. కాని దారి పొడుగైనకొలది ఆజ్ఞ తప్పిపోవు చోట్లును పెరిగినవి.

ఇంగ్లండులోని ఒక పట్టణ సభామందిరమున నమూనా రైలుమార్గ ప్రదర్శన జరుగుచున్నదని ఊహింపుడు. ఉదయమున పదునాలుగేండ్ల బాలుడొకడు సరకుబండిని చక్కగ నడపెను. మధ్యాహ్నమునకు జనము క్రిక్కిరిసెను. బల్లల నడుమ మనుష్యులు లోపలికి పోవుటకై ఒక వంతెనను పైకెత్తి యుంచిరి. బాలుడు బండిని ఆపుటకు మీట త్రిప్పెను. బండి ఆగలేదు. మరల త్రిప్పెను. అది అదే వేగముతో వంతెనవైపు పోవుచుండెను. క్రింద ఒక మీటరు లోతున గచ్చునేల! సంఘమునందలి వృద్ధుడొకడు చూచి, నియంత్రణ కేంద్రముపైనున్న ఎఱ్ఱమీటను నొక్కెను. పట్టాలలో విద్యుత్తు నిలిచెను. ఇంజను అంచునకు జానెడు దూరమున ఆగెను.

“ఈ కంట్రోలరు చెడిపోయినది, వేరొకటి కొనవలెను” అని బాలుడనెను.

“రోగమెక్కడనో తెలియక మునుపే మందు వెదకరాదు. నీవిచ్చిన ఆజ్ఞ ఎంతవరకు పోయినదో మొదట చూతము” అని వృద్ధుడు పలికెను.

అతడు మొదట కంట్రోలరులో క్రొత్త బ్యాటరీలు పెట్టించెను. బలము తగ్గిన బ్యాటరీ దీపమును వెలిగింపగలదు గాని రేడియోను నిలుకడగ నడపలేకపోవచ్చును. అయినను మార్పు కనబడలేదు. పిమ్మట కంట్రోలరును తీగతో నియంత్రణ కేంద్రమునకు తగిలించెను. బండి మార్గమంతటను చెప్పినట్లు నడచెను. ఈ ఒక్క పరీక్షతో కేంద్రము, బూస్టరు, పట్టాలు, చక్రములు, డీకోడరు అన్నియు నిర్దోషములని తేలెను. సగము దారిని ఒక్కసారిగ సందేహమునుండి తప్పించుటయే ఈ పరీక్షలోని నేర్పు.

తీగ తీసి, వేరొకని కంట్రోలరుతో బండిని నడపిరి. దానికిని అదే అవస్థ కలిగెను. కనుక బాలుని కంట్రోలరు చెడలేదు. మిగిలినవి గ్రాహకమును, గాలిలోని దారియును.

“ఉదయము లేనిది ఇప్పుడున్నదేమి?” అని వృద్ధుడడిగెను.

“జనము” అని బాలుడు బదులు చెప్పెను.

అది సరియైన సమాధానము. వైఫై పద్ధతిలో తరచుగ వాడు 2.4 గిగాహెర్ట్జుల తరంగముల పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. నీరు ఈ తరంగములను పీల్చుకొనును. మానవశరీరములో అధికభాగము నీరే యగుటచే జనసమూహము వానికి గోడవలె అడ్డుపడును. అంతేగాక చూడవచ్చినవారి చేతులలోని ఫోనులు అవే తరంగములపై మాటలాడుచుండును. వంటకు వాడు మైక్రోవేవు పొయ్యియు ఆ సమీపపు తరంగములనే పుట్టించును.

గ్రాహకము బల్లక్రింద, ఇనుపచట్రము ప్రక్కన పడియుండెను. వృద్ధుడు దానిని ఒక కఱ్ఱకు కట్టించి, మనుష్యుల తలలకంటె ఎత్తున నిలిపించెను. వెంటనే చాలవరకు బాగుపడెను గాని దూరపు మూలయందు బండి అప్పుడప్పుడు మొండికెత్తుచుండెను. అప్పుడు వైఫై ఛానెళ్లను పరీక్షించిరి. 2.4 గిగాహెర్ట్జుల పట్టీలో ఒకదానిపై ఒకటి పడని ఛానెళ్లు సాధారణముగ 1, 6, 11 అనునవి. మందిరపువారి వైఫైయు, సంఘమువారి వైఫైయు 6వ ఛానెలుననే యుండెను. తమదానిని 11నకు మార్చగా ఆ మూలయందును బండి మాట వినెను.

బాలుడు రెండు పనులను ఒక్కమారే ఏల చేయలేదని అడిగెను. అట్లు చేసియుండినచో ఏది ఎంత మేలు చేసినదో తెలియకపోయెడిది. ఒకమారునకు ఒకే మార్పు చేయవలెను. దాని ఫలితమును పుస్తకమున వ్రాసికొనవలెను. ఆ పుస్తకము మరుసటి ప్రదర్శనకు దారి చూపును.

తీగతో నడపినను బండి కదలకున్నచో లోపము గాలిలో లేదు, క్రిందనే యున్నది. పట్టాలపై మురికి చేరుట అందు మొట్టమొదటిది. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన గుడ్డతో పట్టాలను, చక్రములను తుడువవలెను. బూస్టరునకు రక్షణమీట యున్నచో, ఒక నాణెమును క్షణకాలము రెండు పట్టాలపై అడ్డముగ నుంచి చూతురు. మీట వెంటనే విడిపోయినచో తీగలు సరిగానున్నవి. విడిపోకున్నచో అచ్చటి తీగ సన్నమో, అతుకు వదులో అని ఊహింపవచ్చును.

చిరునామాయు చిక్కు తెచ్చును. క్రొత్త డీకోడరుకు సాధారణముగ 3 అను సంఖ్య యుండును. దానిని మార్చక రెండు క్రొత్త ఇంజనులను పట్టాలపై ఉంచినచో రెండును ఒకే పిలుపునకు పలుకును. ఇంజను దీపము వెలిగి, చక్రములు మాత్రము కదలకున్నచో, దానిని మునుపెన్నడో మరియొక ఇంజనుతో జతకట్టి విడదీయుట మరచిరేమో చూడవలెను. ఆ జతసంఖ్య డీకోడరులోని 19వ గడిలో నుండును. అచ్చట సున్న వ్రాసినచో బండి మరల తన పేరునకు పలుకును. బండి హఠాత్తుగ పూర్తివేగముతో పరుగెత్తినచో 29వ గడిని పరీక్షింపవలెను. పాత పద్ధతి విద్యుత్తునకును నడచునట్లు అనుమతించు సంకేతము అందుండును. పట్టాలలోని అలజడిని డీకోడరు పాతకాలపు విద్యుత్తని భ్రమించినపుడు ఇట్టి పరుగు కలుగును. ఆ గడిలో 6 ఉన్నచో 2గా మార్చిన ఆ అనుమతి తొలగును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న యొకటి గలదు. రేడియో తెగినపుడు బండి ఏల ఆగలేదు? నియంత్రణ కేంద్రము తనకందిన కడపటి ఆజ్ఞనే పదేపదే పట్టాలలోనికి పంపుచుండును. డీకోడరునకు ఆజ్ఞలు అందుచునే యున్నవి. నడపువాని చేయి తెగిపోయినదని దానికి తెలియదు. కంట్రోలరు మాట కొన్ని సెకనులు వినబడనిచో బండిని ఆపు ఏర్పాటు కొన్ని పద్ధతులలో గలదు. అది యున్నదేమో ప్రదర్శనకు ముందే పరీక్షించుట నడపువారి విధి.

నిజమైన రైలుమార్గములు ఈ ప్రశ్నకు ఏనాడో సమాధానము చెప్పినవి. 1872లో అమెరికావాసి విలియం రాబిన్సన్ పట్టాలలో విద్యుత్తును ప్రవహింపజేసి సిగ్నలును నడపు వలయమును కనిపెట్టెను. బండి వచ్చినను, పట్టా విరిగినను, బ్యాటరీ ఎండినను విద్యుత్తు ఆగి, సిగ్నలు ప్రమాదమునే చూపును. అదే సంవత్సరమున జార్జి వెస్టింగ్‌హౌస్ రూపొందించిన బ్రేకులో గొట్టమునందలి గాలి పీడనమే బ్రేకును విడిచియుంచును. గొట్టము తెగినచో బ్రేకు తానే పడును. లోపము కలిగినపుడు యంత్రము క్షేమమువైపే ఒరుగవలెనను నియమము ఇందు గలదు.

రేడియో నమ్మకముగ పనిచేయుట నేడు మన రైళ్లకును ప్రాణసమానమైనది. భారతీయ రైల్వేల పరిశోధనసంస్థ రూపొందించిన ‘కవచ్’ పద్ధతిలో స్టేషనును, ఇంజనును రేడియో ద్వారా మాటలాడుకొనును. దీని పరీక్షలు దక్షిణ మధ్య రైల్వేలో లింగంపల్లి, వికారాబాదు, వాడి మార్గమున జరిగినవి. 2022 మార్చి 4వ తేదీన సికింద్రాబాదు డివిజనులోని గుల్లగూడ, చిట్గిడ్డ స్టేషనుల నడుమ ఒకే పట్టాపై రెండు ఇంజనులను ఎదురెదురుగ నడపి చూపిరి. ఇంజను రెండవదానికి 380 మీటర్ల దూరమున తనంతట తానే ఆగెను.

బల్లపైని బండి పడినచో ఒక బొమ్మ విరుగును. నిజమైన బండి ఆగకున్నచో ప్రాణములు పోవును. కాని రెంటియందును లోపమును వెదకు పద్ధతి యొక్కటే. ఆజ్ఞ బయలుదేరిన చోటినుండి చేరవలసిన చోటివరకు మెట్టుమెట్టుగ నడచి, ప్రతిమెట్టునను “మాట ఇచ్చటికి చేరినదా?” అని అడుగవలెను. అట్లడుగ నేర్చిన బాలుడు రేపు ఏ యంత్రమునెదుట నిలిచినను తొందరపడడు.

ప్రశ్నలు

1. దారిలో చెడిన ఆజ్ఞను డీకోడరు ఏల పాటింపదు?
2. కంట్రోలరును తీగతో తగిలించుటవలన వృద్ధుడేమి తెలిసికొనెను?
3. ఉదయము లేని లోపము మధ్యాహ్నము ఏల కలిగెను?
4. రాబిన్సన్ వలయమునకును, వెస్టింగ్‌హౌస్ బ్రేకునకును గల పోలికను వివరింపుడు.